హమమత్సులో గోడలకు చెవులున్నాయి

మొదటి రోజు, ఏప్రిల్ 19

మా ఆయన నాకంటే ఆరు నెలలు ముందే జపాన్ వచ్చారు. హమమత్సులో కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఉద్యోగం. "నువ్వొచ్చేసరికి ఇల్లంతా సర్దేసి ఉంచుతా" అని రోజూ ఫోన్లో చెప్పేవారు. ఇల్లు సర్దడమంటే రెండు పరుపులు, ఒక రైస్ కుక్కరు, బాల్కనీలో ఎండిపోయిన కరివేపాకు మొక్క అని ఇవాళ చూశాక అర్థమైంది.

నగోయాలో విమానం దిగి, ఊళ్ళోకొచ్చి బుల్లెట్ రైలెక్కాం. బుల్లెట్ రైళ్లలోనూ ప్యాసింజరు ఉంటుందని నాకు తెలీదు. అన్నిటికన్నా వడిగా పోయే నొజొమి హమమత్సులో ఆగదట. మేం ఎక్కింది ప్రతి స్టేషన్లోనూ ఆగే కొదమ. పేరు వినగానే కొదమసింహం అనుకుని సంబరపడ్డాను. వాళ్ల భాషలో కొదమ అంటే ప్రతిధ్వని అట. ఊరు వస్తుందనగా పక్కనే హమన సరస్సు కనిపించింది. "ఫొటో తీస్తానుండు" అని మా ఆయన ఫోన్ తీసేలోపు సరస్సు అయిపోయింది. ప్యాసింజరైనా బుల్లెట్టు బుల్లెట్టే.

అసలు కథ రాత్రి జరిగింది. "స్నానానికి నీళ్లు పెట్టాను, పాలు తెస్తా" అని ఆయన కిందికెళ్లారు. నేను సూట్‌కేసులోంచి ఆవకాయ సీసా తీసి, నూనె కారిందేమోనని చూసుకుంటున్నాను. వంటింట్లోంచి సన్నగా ఏదో సంగీతం వినిపించింది. ఆ వెంటనే ఒక ఆడగొంతు. ఎంతో మర్యాదగా, తియ్యగా, ఏదో ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

ఆరు నెలలు ఒంటరిగా ఉన్న మొగుడి ఇల్లు. నేనొచ్చిన మొదటి రాత్రి. వంటింట్లో ఆడగొంతు. ఆవకాయ సీసా చేతిలో ఉండగానే వెళ్లి చూశాను. ఎవరూ లేరు. తలుపు వెనక చూశాను. మనిషి పట్టదని తెలిసి కూడా సింకు కింద అలమర తెరిచి చూశాను.

ఆయన పాలప్యాకెట్టుతో వచ్చారు.

"ఎవరావిడ?"

"ఎవరు?"

"ఇప్పుడే మాట్లాడింది."

ఆయన కాసేపు బిత్తరపోయి, తర్వాత గోడకున్న చిన్న పలక చూపించారు. గీజరట. తొట్టి నిండి నీళ్లు కాగితే, "స్నానానికి నీళ్లు కాగాయి" అని చెబుతుందట. గీజరుకి అంత తియ్యటి గొంతు ఎందుకండీ అంటే ఆయన దగ్గర జవాబు లేదు.

ఇంకో సంగతి. ఆ తొట్టిలో దిగేముందే బయట కూర్చుని సబ్బు రుద్దుకుని, ఒళ్లు కడిగేసుకోవాలట. తొట్టి ఊరికే నానడానికి. ఇంటిల్లిపాదీ అవే నీళ్లలో ఒకరి తర్వాత ఒకరు దిగుతారట. ఇవన్నీ నేను తొట్టిలో దిగి, సబ్బు రుద్దుకుని, బిరడా లాగేసి బయటికొచ్చాక చెప్పారు. ఆయన చన్నీళ్లతో ముఖం కడుక్కుని పడుకున్నారు.

రెండో రోజు

పొద్దున్నే అత్తగారి వీడియో కాల్. వాట్సాప్ మీద ఆవిడకి నమ్మకం లేదు. గొంతు జపాన్ దాకా తన సొంత బలంతోనే చేరాలనుకుంటారు. "నానీ! నానీ! వినపడుతోందా నానీ?" మా ఆయనకి ముప్పై రెండేళ్లొచ్చినా ఇంట్లో నానే.

ఫోన్ పెట్టేశాక ఇల్లు సర్దడం మీద మా ఇద్దరికీ చిన్న చర్చ జరిగింది.

"నీకు ఏం కావాలో నీకు తెలుస్తుంది గానీ నాకేం తెలుస్తుంది? నీకు నచ్చినవి కొందామని ఆగా."

"నాకు ఈ ఊరు తెలుసా? నాకు భాష తెలుసా? నాకు దారి తెలుసా? మీరు చెయ్యరు, మీరు చెప్పరు. మీరు..."

గోడ అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ఎంత దగ్గరగా వినిపించిందంటే, ఒంట్లో ఎలా ఉందండీ అని అడగబోయాను. మాది రెండంతస్తుల చిన్న అపార్ట్‌మెంటు. గోడలు పెళ్లికార్డు మందం.

మూడో రోజు

వార్డు ఆఫీసు. ఇల్లు చేరిన 14 రోజుల్లోపు విదేశీయులు అడ్రసు నమోదు చేయించుకోవాలి. హమమత్సులో ఇదివరకు ఏడు వార్డులుండేవి, 2024 జనవరి 1 నుంచి మూడే చేశారు. మాది చువో వార్డు.

కౌంటర్లో అమ్మాయి నా ముఖం చూసి, నవ్వి, "బొం దియా!" అంది. జపనీస్‌లో నాకు నాలుగు మాటలొచ్చు, వాటిలో ఇది లేదు. మా ఆయన నవ్వాపుకుంటున్నారు. అది పోర్చుగీసు అట. 1990లో చట్టం మారాక, ఒకప్పుడు బ్రెజిల్ వలసపోయిన జపనీయుల పిల్లలు, మనవలు ఫ్యాక్టరీ పనులకి తిరిగొచ్చారు. దేశంలో అన్ని ఊళ్లకన్నా బ్రెజిలియన్లు ఎక్కువ ఉన్నది ఇక్కడే. కాబట్టి ఇక్కడ చామనఛాయలో ఎవరు కనిపించినా ముందు బ్రెజిల్ అనుకోవడం ఆనవాయితీ. వచ్చేటప్పుడు ఆ అమ్మాయి ఎంతో ఆప్యాయంగా చెత్త వేసే పద్ధతుల పుస్తకం చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి చూస్తే మొత్తం పోర్చుగీసు.

పేర్ల గొడవ ఇంకోటి. జపనీయులు మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. హమ్మయ్య, ఒక్క విషయంలో తెలుగువాళ్లం నెగ్గాం అనుకున్నాను. కానీ పాస్‌పోర్టు చేసేటప్పుడు మన ఇంటిపేరుని తీసి వెనక్కి పడేశాం కదా. ఇప్పుడు దాన్ని మళ్లీ ముందుకి తెచ్చుకోవాలంటే మూడు కాగితాలు కావాలి. దానికితోడు వాళ్ల దగ్గర 'వె' లేదు, 'ల' లేదు. వెంకట్ అనే మా ఆయన ఆఫీసులో బెంకటో-సాన్. ఏడుకొండలవాడైనా సరే, ఇక్కడికొస్తే బెంకటేసువర.

నాలుగో రోజు

ఈ చెత్త గురించి కాస్త వివరంగా రాయాలి. పెళ్లికి ముహూర్తం ఉన్నట్టు ఇక్కడ ప్రతి చెత్తకీ ఒక రోజుంది. కాలే చెత్త వారానికి రెండుసార్లు. ప్లాస్టిక్ కవర్లకి ఒక రోజు, సీసాలకి ఇంకో రోజు. నీళ్ల సీసాకి మూత వేరు, చుట్టూ ఉన్న లేబులు వేరు, సీసా వేరు. మనం ఒక్క గుక్క నీళ్లు తాగినందుకు మూడు అంత్యక్రియలు. అవి కూడా ఊరివాళ్లు పెట్టిన సంచిలోనే వెయ్యాలి, పొద్దున్నే పెట్టాలి, పైన వల కప్పాలి. వల ఎందుకంటే కాకులు.

పుస్తకంలో బొమ్మలు చూసి నాకు తోచినట్టు ఒక సంచి కట్టి పెట్టొచ్చాను. సాయంత్రం చూస్తే అందరి సంచులూ వెళ్లిపోయాయి. నాది ఒక్కటే, నుదుటిమీద స్టిక్కరు అంటించుకుని, బడిలో గోడకుర్చీ వేసిన పిల్లాడిలా నిలబడి ఉంది.

ఎవరూ చూడకుండా తెచ్చేద్దామని చీకటి పడ్డాక దిగాను. పక్కింటి మామ్మగారు అక్కడే ఉన్నారు. దగ్గిన మనిషి ఈవిడే అన్నమాట. డెబ్బై దాటి ఉంటాయి. నడుం వంగలేదు, జుట్టు తెల్లగా మెరుస్తోంది. నా సంచి విప్పి, ఒక్కొక్కటీ తీసి, ఇది ఇక్కడ, ఇది అక్కడ అని చేతులతో చూపించారు. పెరుగు డబ్బా చూసి తల అడ్డంగా ఊపారు. కడగాలట. చెత్త కడగడం! మా నాన్నమ్మ బతికుంటే ఈ ముక్క నమ్మేది కాదు.

తర్వాత ఆవకాయ సీసా. నూనె, కారం అంటుకుని అలాగే ఉంది. మామ్మగారు వాసన చూసి ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంటికి తెచ్చి సబ్బుతో ఎంత కడిగినా జిడ్డు వదల్లేదు. చివరికి మనవాళ్ల పద్ధతే పనికొచ్చింది. వేడన్నం వేసి సీసాలోనే కలిపేసి తినేశాను. అద్దంలా తయారైంది. మొన్న తెచ్చిన ఆవకాయ సీసా ఇవాళ ఎలా ఖాళీ అయిందని అడక్కండి. ఈ ఊళ్లో మా ఆయన వండిపెట్టిన కూరలు మీరు తినలేదు కాబట్టి అడుగుతారు.

ఐదో రోజు

మామ్మగారు బాల్కనీలో ఉన్నారు. మనమూ నాలుగు మాటలు కలుపుదామని, కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని చూపించి "కాకి" అన్నాను. ఆవిడ ఆశ్చర్యంగా చూసి "కకి?" అన్నారు. అవునవును కాకి. ఆవిడ నవ్వుతూ, "కకి... ఆకి, ఆకి" అన్నారు. నాకేం తెలుసు, నేనూ "ఆకు, ఆకు" అన్నాను. రాత్రి ఆయన చెప్పారు: కకి అంటే ఒక పండట, ఆకి అంటే శరదృతువట. ఏప్రిల్లో ఆ పండ్లు రావమ్మా, అప్పటిదాకా ఆగు అన్నారన్నమాట ఆవిడ.

ఆరో రోజు

బ్రెజిల్ దుకాణం ఒకటి దొరికింది. కర్రపెండలం పిండి, నల్ల చిక్కుడుగింజలు, జామపండు హల్వాలాంటిదేదో, ఓ మూల ఎండుమిరపకాయలు! ప్రాణం లేచొచ్చింది. ఇంటికొచ్చి పప్పులోకి తాలింపు పెట్టాను. తాలింపంటే మా ఇంట్లో మాటలు కాదు, ఇంగువ, వెల్లుల్లి, ఆరు ఎండుమిరపకాయలు, పొగ పైకప్పు తాకాలి.

తాకింది. పై నుంచి "ఊయ్ ఊయ్" మని సైరను, వెంటనే మళ్లీ ఒక ఆడగొంతు: "కాజి దేసు! కాజి దేసు!" ఈసారి తియ్యగా లేదు. పొగని పసిగట్టే గంట. 2006 నుంచి కొత్త ఇళ్లకి ఇది తప్పనిసరట. నేను తువ్వాలు ఊపుతున్నాను, దగ్గుతున్నాను, "ఏమండీ, నాకు భయంగా ఉంది, మీరు రండి" అని ఫోన్లో అరుస్తున్నాను. కళ్లవెంట ధారగా నీళ్లు, మిరపకాయల ఘాటుకి. అంతలో తలుపు కొట్టారు. మామ్మగారు, చేతిలో బకెట్టు.

ఆవిడ వచ్చి ఒక తాడు లాగితే గంట ఆగింది. పొయ్యి వంక చూశారు, నా కళ్లవంక చూశారు. చాలా మెల్లగా, చాలా జాలిగా ఏదో పెద్ద ప్రశ్న అడిగారు. నాకు అందులో చివరి మాట ఒక్కటే అర్థమైంది: "...దైజోబు?"

దైజోబు నాకొచ్చిన నాలుగు మాటల్లో ఒకటి. బాగున్నావా అంటే దైజోబు. ఫర్వాలేదా అంటే దైజోబు. సంచి కావాలా అని కొట్లో అడిగితే, వద్దు అనడానికీ దైజోబే. వద్దుకీ సరేకీ ఒకే మాట పెట్టుకుని ఈ దేశం ఎలా నడుస్తోందో ఆ దేవుడికెరుక. నేను గట్టిగా తలూపి "దైజోబు!" అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది.

ఏడో రోజు

సాయంత్రం మామ్మగారు ఒక పళ్లెం తెచ్చారు. గుండ్రంగా పేర్చిన కజ్జికాయలు, నడుమ ఉడికించిన పెసరమొలకలు. అంచులు కూడా అచ్చం మా అమ్మ మడత పెట్టినట్టే ఉన్నాయి. నాకు గొంతు పట్టేసింది. ఆవిడ వెళ్లేదాకా ఆగి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఆయన గభాలున లాక్కున్నారు. గ్యోజా. లోపల పందిమాంసం. హమమత్సు వీటికి పేరుపొందిన ఊరు. మేం ఇద్దరం గుడ్డు కూడా ముట్టం.

మర్నాడు పొద్దున్నే టిఫిన్ డబ్బాలో పెట్టి ఆఫీసుకి పట్టుకెళ్లారు. అక్కడ ఒక బెంగాలీ కుర్రాడు, ఒంటరివాడు, ఆనందంగా తిన్నాడట.

ఎనిమిదో రోజు

ఖాళీ పళ్లెం తిరిగి ఇవ్వకూడదు కదా. పులిహోర చేసి పెట్టి ఇచ్చాను. జపనీయులకీ ఈ పట్టింపు ఉందని తర్వాత తెలిసింది. ఏదైనా పుచ్చుకుంటే బదులు ఇచ్చి తీరాలి, దాన్ని ఒకయేషి అంటారు. ఒక తెలుగు ఆడదానికీ ఒక జపనీస్ మామ్మకీ మధ్య ఈ లెక్క మొదలైతే ఎవరు ఆపగలరు?

తొమ్మిదో రోజు

పులిహోరకి బదులుగా కోడిమాంసం వేపుడు. బెంగాలీ కుర్రాడు "రేపేంటి వదినా?" అని మెసేజ్ పెట్టాడు.

పదో రోజు

ఆయనకి సెలవు. హమమత్సు కోట చూశాం. తొకుగవ ఇఎయసు తర్వాత దేశమంతటినీ ఏలే షోగన్ అయ్యాడు గానీ, వయసులో ఉండగా 17 ఏళ్లు ఇక్కడే ఉన్నాడు. కోట చిన్నదే. ఇప్పుడున్న బురుజు కొత్తగా కట్టింది, కింద రాళ్లు మాత్రం పాతవి. సిమెంటు లేకుండా, చెక్కకుండా, దొరికిన రాయిని దొరికినట్టే పేర్చారు. నాకు కోటకన్నా ఆ రాళ్లే నచ్చాయి.

మధ్యాహ్నం నూడుల్స్ హోటలు. ఆరు నెలల్లో మా ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క పూర్తి వాక్యం అక్కడ బయటికొచ్చింది: "నికు నాషి దె." మాంసం లేకుండా. హోటలాయన "హై!" అని మాంసం తీసేసి, బదులుగా హామ్ ముక్కలు వేసి తెచ్చాడు. హామ్ కూడా మాంసమే కదండీ అంటే, ఆయన దృష్టిలో అది హామ్. సరే అదీ తీయించాం. మరి ఈ పులుసు? దేంతో కాచారో అడగబోతే మా ఆయన నా చెయ్యి నొక్కారు. ఎండబెట్టిన చేప తురుము లేని పులుసు ఈ దేశంలో దొరకడం కష్టమట. "చేప కంటికి కనపడనంతవరకు అడక్కు" అన్నారు. నేను తెల్లన్నం, ఉప్పు తిని వచ్చాను.

పదకొండో రోజు

విదేశీయులకి ఊరివాళ్లు నడిపే జపనీస్ క్లాసుకి వెళ్లాను. ఇవాళ రెండు నేర్చుకున్నాను. ఒకటి, కాజి అంటే మంట, కాజి అంటే ఇంటిపని కూడా. రాత వేరు, మాట ఒకటే. అంటే ఆ రోజు పైకప్పు గంట నన్ను చూసి "ఇంటిపని! ఇంటిపని!" అని అరిచిందని కూడా అనుకోవచ్చు. రెండోది, నాని అంటే ఏమిటి. "ఏమిటీ! ఏమిటీ! వినపడుతోందా ఏమిటీ?" అని మా అత్తగారు రోజూ జపాన్‌కి ఫోన్ చేస్తున్నారని తలుచుకుని క్లాసులో ఒక్కదాన్నే నవ్వాను. పక్కన కూర్చున్న బ్రెజిల్ అమ్మాయి కుర్చీ కొంచెం జరుపుకుంది.

పన్నెండో రోజు

వాన. మామ్మగారి దగ్గర్నుంచి మాంసం కూరిన బంగాళాదుంప వడలు. నేను నిమ్మకాయ పులిహోర.

పదమూడో రోజు

ఆఫీసువాళ్లు ఇచ్చారని ఆయన బిస్కెట్ల పెట్టె తెచ్చారు. పొడుగ్గా, పలచగా, పైన చక్కెర. నమిలితే కరకర. నాలుగు తిన్నాక పెట్టె మీద బొమ్మ చూశాను. పాములాంటి చేప. మనవైపు మలుగు అంటారు. ఇది హమన సరస్సు సీమ కదా, మలుగుచేపకి ప్రసిద్ధి. బిస్కెట్ల పిండిలో దాని పొడి కలుపుతారట. కంటికి కనపడలేదు కాబట్టి మా ఆయన సూత్రం ప్రకారం నేను తిననట్టే. అయినా ఆ రాత్రి విష్ణు సహస్రనామం రెండుసార్లు చదివాను.

పదిహేనో రోజు, మే 3

హమమత్సు పండగ. మే 3 నుంచి 5 దాకా మూడు రోజులు ఊరంతా రోడ్డు మీదే. మామ్మగారు మా ఇద్దరినీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లారు. ఆవిడ వేసుకున్నది నీలం రంగు పండగ కోటు, వీపు మీద మా పేట గుర్తు.

నకతజిమ ఇసుక దిబ్బల పక్కన, సముద్రపు గాలికి గాలిపటాలు. మనం పిల్లలకి కొనిచ్చే గాలిపటాలు కావివి. మనిషి నిలువు దాటిన చదరాలు, వెదురు చట్రాలు, ఒక్కోదాన్నీ ఎగరెయ్యడానికి పదిమంది పైగా పరిగెత్తాలి. తొలిచూలు బిడ్డ పుట్టిన ఇంటి తరఫున పేటంతా కలిసి ఎగరేస్తారు, పటం మీద ఆ బిడ్డ పేరు రాసి ఉంటుంది. నాలుగువందల యాభై ఏళ్ల కిందట ఇక్కడి కోట ప్రభువుకి కొడుకు పుడితే ఎగరేశారని, అప్పట్నుంచి వస్తోందని చెప్పుకుంటారు. నెలల పిల్ల ఒకతి చెవులకి ఏదో తగిలించుకుని తండ్రి చంకలో నిద్రపోతోంది. పైన ఆకాశంలో ఆ పిల్ల పేరు గిరికీలు కొడుతోంది.

తర్వాత పేటల మధ్య కొట్లాట. మా ఆయన హైదరాబాదు మనిషి, సంక్రాంతికి మేడమీదే భోజనం చేసిన మనిషి. "మాంజా ఏదీ?" అని వెతికారు. ఇక్కడ గాజుపొడి లేదు. లావుపాటి నారతాళ్లు. పటాలని ఒకదానికొకటి చుట్టేసి, ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు, లాగి వదిలి లాగి వదిలి, తాడు తాడుతో రాసుకుని తెగేదాకా పోరాటం. కాలిన వాసన వస్తుంది. కాసేపటికి మా ఆయన కూడా తాడు పట్టుకుని "ఓయిషో! ఓయిషో!" అని అరుస్తున్నారు. ఎవరిచ్చారో, ఎవరు రమ్మన్నారో తెలీదు. ఆరు నెలల్లో ఆయన అంత స్పష్టంగా జపనీస్ మాట్లాడింది అప్పుడే.

సాయంత్రం ఊళ్లో చెక్కిన రథాలు, దీపాలు. వాటితోపాటు పేటపేటకీ ఒక గుంపు, డప్పులు, ఈలలు, బాకాలు. అవును, బాకాలు. ఈ పండగలో పదిమందిలో ఇద్దరి చేతిలో ఇత్తడి బాకా ఉంటుంది. చిన్నప్పుడు పోలీసు పరేడ్లో చూడ్డమే. నాకు పట్టలేనంత ఆనందం వచ్చింది. ఆ గోలలో ఆయనకి వినపడాలని, ఎదురుగా బుగ్గలు పూరించి ఊదుతున్న ఒక పెద్దమనిషిని వేలు పెట్టి చూపిస్తూ, గొంతెత్తి అరిచాను:

"ఏమండీ! బాకా! బాకా!"

ఊదుతున్న పెద్దమనిషి ఆగిపోయాడు. ఆయన పక్కన డప్పు ఆగిపోయింది. మా ఆయన ముఖంలో రక్తం ఆగిపోయింది.

"బక" అంటే వాళ్ల భాషలో వెధవ.

మా ఆయన నడుం విరిగేలా వంగి వంగి "సుమిమాసెన్, సుమిమాసెన్" అంటున్నారు. నేను ఆయన్ని చూసి వంగాను. ఎందుకు వంగుతున్నానో తెలీకుండానే వంగాను. చివరికి, మా దేశంలో ఈ వాయిద్యం పేరే అదని చెప్పగలిగారు. పెద్దమనిషి బాకా వంక చూసుకున్నాడు. మమ్మల్ని చూశాడు. తన గుండెమీద వేలు పెట్టుకుని, "బాకా!" అన్నాడు గంభీరంగా. ఇక ఆ పేటవాళ్లంతా ఒకరినొకరు చూపించుకుని బాకా బాకా అనుకోవడం మొదలుపెట్టారు. మేం తప్పుకునేసరికి ఎవడు ఎవణ్ని తిడుతున్నాడో, ఎవడు ఏం ఊదుతున్నాడో దేవుడికే తెలియాలి.

పదహారో రోజు, మే 4

పొద్దున్నే మామ్మగారు వచ్చారు. ఈసారి పళ్లెం కాదు, ఐసుముక్కలు పెట్టిన సంచిలో పెద్ద మాంసం పొట్లం. నా చేతిలో పెట్టి, నా భుజం నిమిరి, తర్వాత మా ఆయనవైపు తిరిగారు. ఇంత నెమ్మదైన మనిషికి అంత గొంతుందని నాకు తెలీదు. ఐదు నిమిషాలు వాయించారు. మా ఆయన ముందు అర్థంకానట్టు చూశారు, తర్వాత నోరు తెరిచారు, తర్వాత గోడకి చేరగిలబడ్డారు.

"ఏమంటున్నారండీ?"

"నువ్వొచ్చిన రోజునుంచీ వింటున్నారట. నేను పొద్దస్తమానం 'మాంసం, మాంసం' అంటున్నానట."

"ఎప్పుడన్నారు?"

"నీకు. నీకు కాఫీ కావాలా, నీకు ఎన్నిసార్లు చెప్పాలి. నికు అంటే మాంసం."

"అయ్యో రాత!"

"నువ్వేమో 'ఏడుపు, ఏడుపు' అంటున్నావట. నాకు. నకు అంటే ఏడవడం. 'చూడు, చూడు' అని కూడా అంటున్నావట. మీరు. మిరు అంటే చూడ్డం." ఆయన గుటక వేశారు. "కొత్తగా వచ్చిన పిల్లకి మాంసం పెట్టకుండా ఏడిపిస్తున్నాడు, ఈ మొగుడు మనిషేనా అనుకున్నారట. ఆ రోజు పొగలో నీ కళ్లు చూసి రూఢి చేసుకున్నారట. మాంసం తింటావా, ఫర్వాలేదా అని అడిగితే నువ్వు గట్టిగా తలూపి దైజోబు అన్నావట."

నేను నేలమీద కూర్చుండిపోయి నవ్వాను. ఆరు నెలలుగా "నికు నాషి" అంటూ పొట్టపోసుకున్న మనిషికి, నోరు తెరిస్తే "నీకు" అంటున్నానని ఒక్కసారి కూడా తట్టలేదు!

కాగితం మీద బొమ్మలు గీసి మామ్మగారికి చెప్పాం. ఇది నేను, నాకు. ఇది నువ్వు, నీకు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టి, చెయ్యి తీసేసి నవ్వి, చివరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు తగ్గాక ఆవిడకి ఒక అనుమానం వచ్చింది. మరి ఇన్నాళ్లూ ఆ గ్యోజాలు?

మా ఆయనకి వచ్చిన జపనీసంతా ఒక్క క్షణంలో మాయమైపోయింది. నేను లోపలికెళ్లి పులిహోర కలిపాను.

పదిహేడో రోజు, మే 5

పొద్దున్న ఆయన గది గుమ్మం దగ్గర నిలబడి, గొంతు తగ్గించి, "మీకు కాఫీ కావాలా?" అన్నారు. నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నాతోనే! పెళ్లయిన మూడేళ్లకి, ఒక గోడ పుణ్యమా అని నాకు బహువచనం దక్కింది.

"మీరు కూర్చోండి," అన్నారు. "మీరు లేవకండి. కాఫీ నేను కలుపుతా, మీరు..."

బాల్కనీ అడ్డుతెర పక్కనుంచి తెల్లజుట్టు తల ఒకటి తొంగిచూసింది. చూడు, చూడు అంటున్నారు, చూడాల్సిందేమిటో ఆవిడకి తెలియాలి కదా.

"నాని?" అన్నారు మామ్మగారు.

"ఆఁ, వస్తున్నా!" అని మా ఆయన పరిగెత్తారు.